ఏడాది ఎం.ఎస్సీ. నీటి యాజమాన్యం: ప్రతిపాదన ఎలా రాయాలి

నేను రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయంలో జియాలజీ చెబుతాను. నీటి వనరుల యాజమాన్యంలో ఏడాది ఎం.ఎస్సీ. పెట్టాలని మా శాఖ తరఫున ప్రతిపాదన రాశాను. వేరే కాలేజీల వాళ్లు "ఎలా రాశారు సార్, మాకూ చెప్పండి" అంటున్నారు. వాళ్లకు చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల సిలబస్‌ను కత్తిరించి ఏడాది కోర్సు చేయకండి. అలా చేస్తే పిల్లలకు దక్కేది సగం చదువే. కోర్సు పూర్తిచేసినవాళ్లు ఏ పని చేయగలగాలో ముందు ఒక్క వాక్యంలో రాసుకోండి. నేను రాసుకున్నది ఇది: "ఒక చెరువు ఆయకట్టుకో, ఒక వాగు పరీవాహక ప్రాంతానికో వెళ్లి, ఉన్న నీళ్లెన్నో లెక్కగట్టి, వాటితో ఏ పంట ఎన్ని ఎకరాలు పండుతుందో రైతుల ముందు తెలుగులో చెప్పగలగాలి." ఈ పనికి అక్కరకురాని పేపర్‌ను, అది నాకెంత ఇష్టమైనదైనా, తీసేశాను.

ఇది జరగని పనేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు పంట నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అన్న లెక్క, వేసుకున్నారు. ఈ సంగతి ప్రతిపాదన మొదటి పేజీలోనే పెట్టండి. బడి మొహం చూడని రైతులు చేసి చూపించిన పనికి మనం డిగ్రీ కట్టలేమా అని ఆ పేజీ చదివినవాళ్లు ఆలోచించాలి.

ఇక నిబంధనలు. యూజీసీ 2024లో విడుదల చేసిన పీజీ కరిక్యులమ్, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లకు ఏడాది పీజీ పెట్టవచ్చు. మూడేళ్ల డిగ్రీవాళ్లకు రెండేళ్లు తప్పదు. మన జిల్లాల్లో మూడేళ్లకే డిగ్రీ ముగించేవాళ్లు ఎక్కువ కాబట్టి ఏడాది కోర్సు ఒక్కటే అడిగితే సీట్లు నిండవు. రెండేళ్ల కోర్సును కూడా కలిపి అడగండి, దాని రెండో ఏడాదీ మన ఏడాది కోర్సూ ఒకటే అయ్యేలా సిలబస్ కట్టండి. అప్పుడు అధ్యాపకులు, ల్యాబ్, పరీక్షలు అన్నీ ఉమ్మడిగా సరిపోతాయి. డిగ్రీకి కొత్త పేరు మాత్రం పెట్టకండి. యూజీసీ గుర్తించిన పేర్ల జాబితాలో లేని డిగ్రీ ఇస్తే రేపు ఉద్యోగ నోటిఫికేషన్ దగ్గర పిల్లలు ఇబ్బంది పడతారు. ఎం.ఎస్సీ. చాలు.

ఏడాదికి 40 క్రెడిట్లు, క్రెడిట్‌కు 30 గంటలు, మొత్తం 1200 గంటలు. నేను తరగతులకు 18, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసే పని), నీటి పరీక్షల ల్యాబ్‌కు కలిపి 6, ఫీల్డ్‌కు 16 క్రెడిట్లు పెట్టాను. ఫీల్డ్‌కు అంత ఎందుకని తప్పకుండా అడుగుతారు. అసలు పని ఎలా ఉంటుందో వాళ్లకు కళ్లకు కట్టేలా రాయండి. బోరులో నిలకడ మట్టం, అంటే నీళ్లు తోడనప్పటి మట్టం, కావాలంటే మోటారు చాలాసేపు ఆగి ఉండాలి. ఆటో స్టార్టర్ పెట్టిన బోరైతే కరెంటు వచ్చిన క్షణమే మోటారు తిరుగుతుంది. కాబట్టి కుర్రవాడు కరెంటు రాకముందే పొలంలో ఉండాలి. కేసింగ్‌ (బోరు గొట్టం) లోకి, నీళ్లు తగలగానే మోగే వాటర్ లెవెల్ ఇండికేటర్ టేపు మెల్లగా దించి, బీప్ మనగానే ఆపి, నేలపైకి ఉన్న కేసింగ్ ఎత్తు తీసేసి లోతు రాయాలి. తర్వాత మోటారు వేయించి నీళ్లు కొలవాలి. రైతు "రెండించుల నీళ్లు" అంటాడు, మనం దాన్ని లీటర్లలోకి మార్చాలి. 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండితే గంటకు 7200 లీటర్లు. ఎకరంపై ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4047 లీటర్లు. ఈ రెండు లెక్కలూ పొలంలో నిలబడి చేయగలిగినవాడికే నీటి బడ్జెట్ చేతికొస్తుంది.

క్యాలెండర్ దగ్గర మాత్రం ఎవరికీ లొంగకండి. కేంద్ర భూగర్భ జల మండలి ఏటా నాలుగుసార్లు, అంటే జనవరిలో, వేసవిలో వానలకు ముందు, ఆగస్టులో, నవంబరులో నీటిమట్టాలు కొలుస్తుంది. ఆగస్టులో తరగతులు మొదలై జూన్‌లో ముగిస్తే మన పిల్లలు ఈ నాలుగూ తమ చేతులతో కొలుస్తారు, బావి నిండడమూ ఎండడమూ చూస్తారు. ఏడాది కోర్సే ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గరున్న బలమైన జవాబు ఇదే. అడ్మిషన్లు నవంబరు దాటితే ఈ నాలుగు కొలతల్లో సగం పోతాయి. అందుకే సిలబస్‌ను ముందుగా పరిశీలించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు కాగితాలు జనవరికల్లా చేర్చండి. అక్కడి నుంచి అకడమిక్ కౌన్సిల్, పాలకమండలి, ఆ తర్వాత ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్. ఏ ఒక్క మెట్టు దగ్గర ఆగినా ఆ సంవత్సరం చేజారుతుంది.

సమావేశంలో "ఏడాది ఎం.ఎస్సీ.తో పీహెచ్‌డీకి అర్హత ఉంటుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత చేసిన ఏడాది పీజీలో 55 శాతం మార్కులుంటే 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం అర్హులే. ఆ పేజీ ప్రింట్ తీసి జతచేయండి. మన పిల్లలు అప్పులు చేసి ఏడాది ఎం.ఎస్సీ. కోసమే బ్రిటన్ వెళ్తున్నారన్న మాట కూడా అక్కడ చెప్పొచ్చు.

"ఉద్యోగావకాశాలు అపారం" లాంటి వాక్యాలు వద్దు. డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ), మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు, భూగర్భ జల శాఖ, డ్రిప్ కంపెనీలు, వాటర్‌షెడ్ పని చేసే సంస్థల దగ్గరకు వెళ్లి, ఇంటర్న్‌లుగా ఎందరిని తీసుకుంటారో లేఖ రాయించుకురండి. సంఖ్య చిన్నదైనా ఫరవాలేదు, సంతకం ఉండాలి. పాఠం చెప్పడానికి రిటైరైన భూగర్భ జల శాఖ అధికారిని ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా, అంటే పని అనుభవంతో పాఠం చెప్పే అధ్యాపకుడిగా, తీసుకునే వీలు 2022 నుంచి ఉంది. కనీసం 15 ఏళ్ల అనుభవం కావాలి.

కోర్సును సెల్ఫ్ ఫైనాన్స్‌లోకి నెట్టాలని చూస్తారు. వీలైనంత వరకు ఒప్పుకోకండి. బోరెండిన ఇంటి పిల్లలే ఈ చదువు చదవాలని నా కోరిక, పెద్ద ఫీజు పెడితే వాళ్లే రాలేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో నోటిఫికేషన్‌కు ముందే తేల్చుకోండి.

ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లిషులో ఉండొచ్చు. దానితోపాటు ఊరికి తెలుగులో ఒక పేజీ నీటి బడ్జెట్ తప్పనిసరి అని, దానికి మార్కులుంటాయని నిబంధనలోనే రాయండి. నవంబరు కొలతలు రాగానే, రబీ అదను దాటకముందే ఆ పేజీ గ్రామంలో చదివి వినిపించాలి.

ఆమోదం వచ్చేదాకా ఖాళీగా కూర్చోకండి. ఊరొకటి ఎంచుకుని, బోర్ల యజమానులతో మాట్లాడి ఒప్పించి, బోర్లకు నంబర్లు వేసి, మే నెల మట్టాలు మీరే కొలిచి పెట్టుకోండి. మొదటి బ్యాచ్ ఆగస్టులో టేపు దించేనాటికి పోల్చుకోవడానికి ఒక అంకె చేతిలో ఉండాలి.