కుస్కోలో నేత కొనేముందు అంచు చూడండి

పెరూలోని కుస్కోకి వెళ్లేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, అల్పాకా (ఒంటె కుటుంబానికి చెందిన, ఉన్ని కోసం పెంచే జంతువు) శాలువా ఎక్కడ చవగ్గా దొరుకుతుందని. చవగ్గా కావాలంటే ఊరి ప్రధాన కూడలి ప్లాసా దె అర్మాస్ చుట్టూ ఏ సందులోకి వెళ్లినా దొరుకుతుంది. కానీ అలాంటివాటిలో చాలావరకు మిషన్ మీద నేసిన అక్రిలిక్ అనే కృత్రిమ దారమే. 'బేబీ అల్పాకా' అని లేబుల్ ఉన్నంత మాత్రాన నమ్మెయ్యకండి. అసలు బేబీ అల్పాకా అంటే పిల్ల జంతువు ఉన్ని కాదు, సన్నదనాన్ని బట్టి పెట్టిన గ్రేడు. పోగు దాదాపు 22 మైక్రాన్లు ఉంటుంది. అనుమానంగా ఉంటే అమ్మే ఆవిడని అడిగి ఒక పోగు తీసుకుని, బయట కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి పొడిపొడిగా రాలుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి ఉండలా మిగులుతుంది.

చేనేత గుడ్డని గుర్తుపట్టడానికి మాత్రం నిప్పు అక్కర్లేదు, కళ్లు చాలు. ఇక్కడి స్థానిక కెచువా తెగ నేతగత్తెలు మగ్గం ఒక కొనని నడుముకి కట్టుకుని కూర్చుంటారు. ఎంత గుడ్డ కావాలో అంతే పడుగు (నిలువు పోగులు) వేస్తారు, ఆ తర్వాత కత్తెర వెయ్యరు. అందుకే నాలుగు వైపులా కత్తిరించని అంచే ఉంటుంది. ఒక చివర మాత్రం కాస్త తేడాగా కనిపిస్తుంది. నేత చివరికొచ్చేసరికి పడుగు మధ్య సందు ఇరుకైపోయి, పేకని (అడ్డ పోగుని) సూదితో దూర్చాల్సి వస్తుంది. అక్కడ బొమ్మలు తడబడతాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. దాన్ని లోపం అనుకుని పక్కన పెట్టేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేత్తో నేశారనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది! తర్వాత గుడ్డ తిరగేయండి. పాత పద్ధతి నేతలో చాలావాటికి ముందువైపు ఎరుపు మీద తెల్ల బొమ్మ ఉంటే, వెనకవైపు తెలుపు మీద ఎర్ర బొమ్మ ఉంటుంది. వెనక దారాలు వేలాడుతుంటే ఇంకొంచెం నిదానంగా చూడండి.

ఎక్కడ కొనాలంటే, మొదట అవెనీదా ఎల్ సోల్‌లోని సెంత్రో దె తెక్స్‌తీలెస్ త్రదిసియోనాలెస్‌కి (సంప్రదాయ నేత కేంద్రానికి) వెళ్లండి. నీల్దా కాయన్యావుపా 1996లో స్థాపించిన సంస్థ ఇది. నేతగత్తెలు అక్కడే కూర్చుని నేస్తుంటారు. ధర ఎక్కువే, బేరం కూడా లేదు. కొనకపోయినా ఒక గంట కూర్చుని చూడండి, మంచి నేత ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే కుస్కో దగ్గరి ఊళ్లైన పిసాక్ సంతకి గానీ, చించేరోకి గానీ వెళ్లండి. చించేరోలో నాగజెముడు మీద పెరిగే కొచినీల్ పురుగుని అరచేతిలో నలిపి ఎరుపు రంగు తీసి చూపిస్తారు. నిమ్మరసం పిండగానే ఆ ఎరుపు మారిపోతుంది.

గుడ్డలు కాకుండా బొమ్మలు కావాలంటే కుస్కోలోనే ఉన్న సాన్ బ్లాస్ పేటకి ఎక్కండి. పొడవాటి మెడల దేవదూతలు, క్రైస్తవ పునీతుల బొమ్మలకి మెందీవిల్ కుటుంబం పేరు అక్కడ అందరికీ తెలుసు. ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఉంది, పైగా అన్నీ మెట్లే. దిగిన రోజే వెళ్లకండి, ఆయాసం వస్తుంది.

సంతలో కార్డు నమ్ముకోవద్దు. 10, 20 సోల్ (పెరూ డబ్బు) నోట్లు దగ్గర పెట్టుకోండి. అమ్మే ఆవిడని 'కసేరా' అని (సంతలో అమ్మేవాళ్లని ఆప్యాయంగా పిలిచే మాట) పలకరించి, రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుని, కొంచెం తగ్గించమని అడగండి, ఫరవాలేదు. నెలల తరబడి నేసిన గుడ్డకి సగం ధర అడగడం మాత్రం నాకు నచ్చదు. డబ్బు సరిపోకపోతే అదే చేతి నేత బెల్టు తీసుకోండి.

వికూన్యా (అల్పాకాకి చుట్టమైన అడవి జంతువు) ఉన్ని అని రోడ్డు మీద చవగ్గా అమ్మితే దూరంగా ఉండండి. నిజమైనది చాలా ఖరీదు, అనుమతి ఉన్నవాళ్లే అమ్మాలి. తవ్వకాల్లో దొరికిన పాత కుండ అని చూపించినా ముట్టుకోవద్దు. ప్రాచీన వస్తువులు దేశం దాటించడం పెరూలో నేరం. కోకా ఆకు నమిలినా, కోకా టీ తాగినా అక్కడే కానిచ్చి రండి, వెంట తేకండి. చాలా దేశాల కస్టమ్స్‌లో అది మాదకద్రవ్యం కింద లెక్క.