చేతితో కత్తి చేయడం ఎలా? అందులో తేలిక ఎంత, నేర్పు ఎంత?

చేతితో కత్తి చేయడం సులభమా, లేక ఏళ్ల తరబడి అలవరచుకోవలసిన విద్యా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము, ఎందుకంటే ఇందులో కలిసి ఉన్నవి రెండు వేర్వేరు పనులు. ఉక్కు పట్టీని కత్తి ఆకారానికి తేవడం మొదటిది. ఓపిక, ఒక మంచి ఆకురాయి ఉన్నవారెవరైనా దీన్ని చేయగలరు. ఆ ఆకారాన్ని కాల్చి, నూనెలో ముంచి, పదును నిలిచే కత్తిగా మార్చడం రెండవది; నేర్పంతా ఇక్కడే ఉంది. నా దగ్గరకు వచ్చిన పనికిరాని కత్తులలో చాలావాటికి పిడి చక్కగానే ఉంటుంది, బ్లేడు ధగధగ మెరుస్తూనే ఉంటుంది, కానీ నాలుగు తాళ్లు కోసేసరికి అంచు మొద్దుబారిపోతుంది.

ముందుగా ఉక్కు. దుకాణంలో దొరికే మామూలు ఇనుప పట్టీలో కార్బన్ 0.2 శాతం చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి దాన్ని ఎంత కాల్చినా, దేనిలో ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. 1084 అనే రకం ఉక్కు తీసుకోవాలి. ఆ అంకెలో చివరి రెండు స్థానాలు కార్బన్‌ను సూచిస్తాయి, అంటే సుమారు 0.84 శాతం. మందం 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పాత లారీ కమాను పట్టీలతో మొదలుపెట్టమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అవి మంచి ఉక్కే కావచ్చు, కానీ ఏళ్ల తరబడి బరువు మోసిన ఆ పట్టీల లోపల కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు, పైగా అది ఏ రకమో తెలియనప్పుడు ఎంత వేడి చేయాలో కూడా తెలియదు. ఊరికే వచ్చిందని తెలియని ఉక్కు మీద అంత శ్రమ ధారపోయడం నాకు అర్థం కాని విషయం.

పనిముట్ల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు: హ్యాక్సా, వైస్, ఒక ముతక ఆకురాయి, ఒక నున్నని ఆకురాయి, డ్రిల్లు, 120 నుంచి 600 నంబరు వరకు ఎమెరీ కాగితాలు, కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, పొడవైన పట్టకారు, ఒక అయస్కాంతం. వేడికి చిన్న గ్యాస్ కొలిమి గాని బొగ్గు కొలిమి గాని సరిపోతుంది.

ఆకారం తీయడం ఇలా. అట్ట మీద గీసిన నమూనాను పట్టీ మీద పెట్టి చుట్టూ గీసి, హ్యాక్సాతో కోసి, ఆకురాయితో గీత వరకు అరగదీయాలి. పదును రావలసిన అంచు మీద సరిగ్గా మధ్య గీత కావాలి. పట్టీ మందానికి సమానమైన డ్రిల్ బిట్టును, పట్టీని ఒకే చదునైన బల్ల మీద పెట్టి, బిట్టు మొనతో అంచు పొడవునా గీస్తే ఆ గీత మధ్యనే పడుతుంది. రెండు వైపులా ఆ గీత వరకు వాలు తీయాలి, కానీ అంచును ఇప్పుడే పలుచన చేయకూడదు. 1 మిల్లీమీటరు మందం మిగల్చాలి. అంతకన్నా పలుచనైతే నూనెలో ముంచగానే వంకరపోతుంది, లేదా పగులుతుంది. పిడికి కావలసిన బెజ్జాలు కూడా ఇప్పుడే వేసుకోవాలి, గట్టిపడిన తరువాత డ్రిల్లు దిగదు.

సుత్తితో సాగగొట్టకపోతే అది చేతి కత్తే కాదని వాదించేవారున్నారు. దెబ్బల వల్ల ఉక్కు లోపల దట్టపడుతుందనేది వారి నమ్మకం. సుత్తి దెబ్బలకు ఉక్కు సాంద్రత పెరగదు. కర్మాగారంలో ఎర్రగా కాలిన స్థితిలో రోలర్ల మధ్య నుంచి వచ్చిన పట్టీకి మన సుత్తి కొత్తగా ఇచ్చే బలం ఏమీ లేదు. పైగా ప్రతిసారి కాల్చినప్పుడు పై పొరలోని కార్బన్ కొంత పోతుంది, వేడి మీరితే ఉక్కు రేణువు, అంటే దాని లోపలి పలుకు, పెరుగుతుంది. కమ్మరి పనిలోని అందం వేరే సంగతి, అది నేర్చుకోవలసినదే. అయితే మొదటి కత్తికి ఆకురాయే సరైన మార్గం.

ఇక అసలు ఘట్టం. ఇక్కడ తొందరపడితే ఇంతవరకు చేసిందంతా వృథా.

ముందుగా బ్లేడును అయస్కాంతానికి అంటుకోనంత వేడి చేసి, కదలని గాలిలో ఎర్రదనం పూర్తిగా పోయేవరకు చల్లారనివ్వాలి. ఇలా మూడుసార్లు చేస్తే కోతలో, అరగదీతలో లోపల చేరిన ఒత్తిడి పోయి, రేణువు సన్నబడుతుంది. ఈ మెట్టును దాటవేసేవారే తరువాత కత్తి వంకరపోయిందని వాపోతారు.

నూనె సిద్ధం చేసుకోవాలి. కనీసం 4 లీటర్ల వంట నూనెను బ్లేడు నిలువుగా మునిగేంత లోతున్న ఇనుప పాత్రలో పోయాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, జింకు పూత ఉన్న పాత్ర కూడా వద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొరపాటున కూడా వాడవద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం. నూనెను 50 డిగ్రీల సెల్సియస్ వరకు వెచ్చబెట్టాలి, ఎందుకంటే చల్లని నూనె చిక్కగా ఉండి బ్లేడు చుట్టూ ఆవిరి పొరను పట్టి ఉంచుతుంది, వెచ్చని నూనె పలుచబడి త్వరగా వేడిని లాగుతుంది. నీటిలో ముంచవచ్చుగా అంటారు. నీరు మరీ వేగంగా చల్లార్చి ఈ రకం ఉక్కును టప్పున పగలగొడుతుంది. ఆ శబ్దం ఒకసారి విన్నవారు మళ్లీ నీటి జోలికి పోరు. పాత్రకు ఇనుప మూత దగ్గర ఉంచుకోవాలి. నూనె అంటుకుంటే మూత వేయాలే తప్ప నీళ్లు పోయకూడదు.

ఇప్పుడు వేడి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. చాలామంది అక్కడే ఆగి ముంచేస్తారు, సగం గట్టిపడిన కత్తులు అలాగే పుడతాయి. 1084కు కావలసింది 815 డిగ్రీల దాకా, అంటే అయస్కాంతం వదిలిన తరువాత ఇంకొక్క ఛాయ ఎక్కువ. ఈ ఛాయను ఎండలో గుర్తుపట్టలేరు. మసక చీకటి ఉన్న చోటే పని చేయాలి. మీరు వెతకవలసిన గుర్తు ఒకటుంది. బ్లేడు ఎర్రబడుతూ ఉండగా దాని లోపల నల్లని నీడ ఒకటి మెల్లగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఉక్కు లోపలి నిర్మాణం మారుతూ వేడిని మింగుతున్నప్పుడు ఆ భాగం కాసేపు మసకగా ఉంటుంది. వెన్ను, అంటే అంచుకు ఎదురు వైపు, మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ నీడ చివరగా పోతుంది. ఆ నీడ పూర్తిగా కరిగిపోయి, మొన నుంచి పిడి మొదలు వరకు ఒకే రంగు నిలిచినప్పుడే సమయం వచ్చినట్టు. మొన సన్నగా ఉండి తొందరగా కాలిపోతుంది కాబట్టి బ్లేడును కొలిమిలో ముందుకూ వెనక్కూ కదుపుతూ ఉండాలి.

వేడి మీరితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అదే ఉక్కు ముక్కలు రెండు తీసుకుని, ఒకదాన్ని సరైన ఛాయలోనూ, మరొకదాన్ని పసుపుపచ్చగా కాలేవరకు ఉంచీ నూనెలో ముంచి, వైస్‌లో పట్టి, కళ్లద్దాలు పెట్టుకుని విరిచి చూడండి. మొదటిది విరిగిన చోట రేణువు కంటికి ఆనకుండా బూడిదరంగులో నున్నగా ఉంటుంది. రెండవది పంచదార పలుకుల్లా మెరుస్తుంది. అలాంటి కత్తి కింద పడితే రెండు ముక్కలవుతుంది. కత్తిని కాల్చేముందు ఈ ముక్కల పరీక్ష తప్పనిసరి. కంటికి శిక్షణ ఇచ్చేది ఇదే, దీనికి బదులు మరేదీ లేదు.

కొలిమి నుంచి నూనెలోకి చేరడానికి ఒక్క క్షణం కూడా వృథా చేయకూడదు. ఈ ఉక్కు 540 డిగ్రీల కిందికి ఒక సెకను లోపే దిగాలి, లేకపోతే గట్టిపడే అవకాశం చేజారుతుంది. అందుకే నూనె పాత్ర కొలిమి పక్కనే, ఒక్క అడుగు కూడా వేయనవసరం లేనంత దగ్గరగా ఉండాలి. మొన కిందికి, నిలువుగా, ఆగకుండా దించాలి. లోపల కదపవలసింది కోసే దిశలోనే, అంటే అంచు నుంచి వెన్ను వైపుకు. పక్కలకు ఊపితే ఒక ముఖం ముందు చల్లారి బ్లేడు విల్లులా వంగుతుంది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టి పైకి తీసి, కన్ను మూసి ఒంటి కంటితో వెన్ను వెంట చూడాలి. 200 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేవరకు ఉక్కు ఇంకా మెత్తగానే ఉంటుంది, చిన్న వంకర ఉంటే మందపు తోలు చేతొడుగులతో ఆ కొద్ది సెకన్లలోనే సరిచేయవచ్చు. ఆ తరువాత బలం పెడితే విరుగుతుంది.

చల్లారాక ఆకురాయితో అంచు మీద గీకి చూడాలి. పై పొరలో కార్బన్ పోయి ఉంటుంది కాబట్టి మొదటి రెండు గీతలు పట్టినా కంగారు వద్దు. దాని కింద ఆకురాయి జారిపోవాలి. జారకపోతే మళ్లీ కొలిమి దగ్గరకే వెళ్లాలి.

ఈ స్థితిలో కత్తి గాజులాగే పెళుసు. గంట లోపల టెంపరింగ్ చేయాలి, అంటే 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు. ఓవెన్ మీది అంకెను నమ్మకుండా లోపల విడిగా థర్మామీటరు పెట్టుకోవాలి. ముందుగా కొంచెం భాగాన్ని రుద్ది మెరిపిస్తే అక్కడ లేత గడ్డి రంగు వస్తుంది. నీలం కనిపిస్తే 300 డిగ్రీల దగ్గరకు వెళ్లినట్టే, ఆ అంచు ఇక ఎక్కువ కాలం నిలవదు.

మిగిలిన అరగదీత అంతా ప్రతి రెండు రుద్దులకూ బ్లేడును నీటిలో ముంచుతూ చేయాలి, వేలికి వేడి తగిలితే అప్పటికే ఆలస్యమైనట్టు. పిడికి గట్టి చెక్క పలకలు రెండు, ఎపాక్సీ జిగురు, రెండు ఇత్తడి రివిట్లు పెట్టాలి. జిగురు ఒక్కదానితో సరిపెట్టకూడదు. తరువాత ప్రతి వైపు 20 డిగ్రీల కోణంలో సానరాయి మీద పదును పెట్టాలి.

చివరగా ఒక ఇత్తడి కడ్డీ మీద అంచును వాలుగా నొక్కి లాగాలి. అంచు కొద్దిగా వంగి తిరిగి నిటారుగా నిలిస్తే పని పూర్తయినట్టు. చిన్న పెచ్చులు ఊడితే పిడి విప్పి, మరో 15 డిగ్రీలు ఎక్కువ వేడితో టెంపరింగ్ మళ్లీ చేయాలి. వంగి అలాగే ఉండిపోతే అప్పుడూ పిడి విప్పి, అయస్కాంతం తీసుకుని కొలిమి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.