వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ: పేరు సరిచేయించుకున్న నా అనుభవం

నా పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పేరంతా 'గివెన్ నేమ్' దగ్గరే ఉంది, 'సర్‌నేమ్' ఖాళీ. అలా ఉంటే అమెరికా వీసాలో పేరు మొత్తం సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్'. బీఎస్ (డిగ్రీ) మొదటి సెమిస్టర్‌లో ఐ-20 (విదేశీ విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), హాజరు పట్టీ, క్యాంపస్ ఉద్యోగం కాగితాలు, అన్నిటా అదే. ప్రొఫెసర్ క్లాసులో 'ఫ్నూ' అని పిలుస్తుంటే నిజంగా బాధేసేది. అమ్మానాన్న అంత ఇష్టంగా పెట్టిన పేరు కదా!

ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో 'ప్రిఫర్డ్ నేమ్' (నన్ను పిలవాల్సిన పేరు) నమోదు చేయించాను. హాజరు పట్టీ వెంటనే మారింది.

అసలు పని పాస్‌పోర్టుది. భారత కాన్సులేట్ ద్వారా రీఇష్యూకి పెట్టి, పదో తరగతి సర్టిఫికెట్ జతచేసి, పేరు రెండు గడుల్లోకి విడగొట్టించాను. అది చేతికొచ్చాక విదేశీ విద్యార్థుల ఆఫీసువాళ్లు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డు సరిచేసి కొత్త ఐ-20 ఇచ్చారు. ఆ తర్వాతే సోషల్ సెక్యూరిటీ కార్డు, బ్యాంకు. ఈ వరస ముఖ్యం. లేకపోతే ఒక్కోచోట ఒక్కో పేరు ఉండి టెన్షన్. వీసా మాత్రం సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో కొత్తది తీసుకున్నాను.

ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాస్‌పోర్టుకి అప్లై చేసేటప్పుడే సర్‌నేమ్ గడి నింపండి.