ముత్తాత సంతానాన్ని రికార్డుల్లో వెతకడం ఎలా?

"ముత్తాతకు ముగ్గురు కొడుకులు" అని ఇంట్లో చెప్పుకునే లెక్కలో తరచూ కొందరు జారిపోతారు. అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లలు, దత్తత పోయిన కొడుకు, పసితనంలోనే పోయినవాళ్లు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబాలకు వాళ్ల ఆనవాళ్లు ఎక్కువగా సొంతూరి భూమి కాగితాల్లోనూ, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోనూ దొరుకుతాయి. జనగణన ఫారాల మీద ఆశ పెట్టుకోవద్దు. 1948 నాటి చట్టం ప్రకారం వాటిలోని మనుషుల వివరాలు ఎవరికీ చూపించరు.

ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. "ఎంతమంది పిల్లలు?" అంటే గుర్తున్నవాళ్లనే చెబుతారు. "ఆయన పోయినప్పుడు పది రోజుల మైల ఎవరెవరు పట్టారు, మూడు రోజులు ఎవరు పట్టారు?" అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో పది రోజులు దాయాదులకు, మూడు రోజులు పెళ్లయిన ఆడపిల్లలకు. ఆ లెక్కలో మరిచిపోయిన మేనత్త కూడా బయటికొస్తుంది. పాత శుభలేఖలు, పెళ్లి చదివింపుల చిట్టాలు తీయించండి. ఆడపడుచు పేరు పక్కనే ఆమె అత్తారి ఊరు రాసి ఉంటుంది. మనిషికో కాగితం పెట్టి పేరు, తల్లి, తండ్రి, ఊరు, ఈ సంగతి ఎక్కడ తెలిసిందో రాసుకోండి.

తర్వాత భూమి. ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో ఒక్కటే తెలిస్తే చాలదు. 1985లో మండలాలు రాకముందు ఏ తాలూకాలో ఉండేదో కూడా తెలియాలి. 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా విడిపోయింది, 2016లో మళ్లీ కొత్త జిల్లాలొచ్చాయి. కాబట్టి పాత కాగితం ఇప్పటి ఆఫీసులోనే ఉంటుందని అనుకోవద్దు. సర్వే నంబరు చెప్పి 1954-55 ఖాస్రా పహాణీకి (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రెవెన్యూ పుస్తకం) ధ్రువీకరించిన నకలు అడగండి. అక్కడి నుంచి వెనక్కి సేత్వార్ (నిజాం కాలపు సర్వేలో తయారైన భూమి రికార్డు), ముందుకు తర్వాతి పహాణీలు చూసుకుంటూ వెళ్లండి. పట్టాదారు పోయాక పేరు మారిన చోట 'విరాసత్', అంటే వారసత్వం, అని కనిపిస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. విరాసత్‌లో తరచూ పెద్దకొడుకు పేరొక్కటే ఉంటుంది. సర్కారుకు కావలసింది శిస్తు కట్టే మనిషి, అందుకు ఒక్క పేరు చాలు. అది వంశవృక్షం కోసం రాసిన పుస్తకం కాదు. అందులో పేరు లేనంత మాత్రాన బిడ్డ లేనట్టు కాదు.

నిజాం కాలపు కాగితాల్లో ఇంగ్లీషు సంవత్సరం బదులు ఫస్లీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. అది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జరిగిన వాటికి 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా వాటికి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫస్లీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 అక్టోబరు దాకా. రాత ఉర్దూలో, గొలుసుకట్టుగా ఉంటుంది. రాసేవాళ్లు చాలాసార్లు చుక్కలు వదిలేసేవారు. ఆ లిపిలో ప, బ అక్షరాలకూ, చ, జ అక్షరాలకూ తేడా చుక్కల్లోనే ఉంది. చుక్కలు పోతే పోచయ్య, బోజయ్య ఒకేలా కనిపిస్తారు. పాత చేతిరాత చదివిన అనుభవం ఉన్నవాళ్లకే చూపించండి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కార్యాలయంలో (స్టేట్ ఆర్కైవ్స్) నిజాం కాలపు పత్రాలున్నాయి. అక్కడికి వెళ్లేముందు ఊరు, తాలూకా, ఫస్లీ రాసుకుని వెళ్లండి.

ఆడపిల్లల కోసం రిజిస్ట్రేషన్ దస్తావేజులే మేలు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక తండ్రి సొంత ఆస్తిలో కూతుళ్లు వారసులయ్యారు. దాంతో భాగపరిష్కారం, హక్కు విడుదల పత్రాల్లో వాళ్ల పేర్లు, వయసు, భర్త పేరు, నివాసం దొరుకుతాయి. 1985 సెప్టెంబరులో రాష్ట్ర సవరణ, 2005లో కేంద్ర సవరణ పిత్రార్జితంలోనూ వాటా ఇచ్చాయి. అందుకని ఆ తేదీల తర్వాతి పత్రాలు తప్పక చూడండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆస్తి సూచికతో పాటు పేర్ల సూచిక కూడా ఉంటుంది. ఆమెను పుట్టింటి పేరుతోనూ, అత్తింటి పేరుతోనూ వెతికించండి. సాక్షి సంతకాలు వదిలేయొద్దు, అక్కడ చాలాసార్లు అల్లుడో బావమరిదో ఉంటాడు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్లకు బడి టీసీ, ఉద్యోగుల సర్వీసు రిజిస్టరు, పింఛను కాగితాలు, పాత ఓటర్ల జాబితాలు పనికొస్తాయి. టీసీలో పుట్టిన తేదీ జూలై 1 అని ఉంటే అది పంతులుగారు వేసిన అంచనా అయ్యుండొచ్చు. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్టిజం రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నికా పత్రాలు ఉంటాయి.

చివరగా పిల్లలందరినీ పుట్టిన ఏడాది వరసలో రాయండి. తాత పేరు మనవడికి పెట్టడం మన వాడుక, కాబట్టి పేరొక్కటే చూసి ఇద్దరిని ఒకరిగా కలపొద్దు. తండ్రి పేరు, వయసు రెండూ కుదరాలి. ఇద్దరి మధ్య నాలుగైదేళ్ల ఖాళీ ఉంటే మధ్యలో బిడ్డ పోయిందేమో, మొదటి భార్య పోయి రెండో పెళ్లి జరిగిందేమో అడగండి. పేరు కూడా ఆధారమే. వరసగా పిల్లలు పోతే తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుకునేవారు. మీ వరసలో అలాంటి పేరు తగిలితే, దానికి పైన రెండు మూడు గీతలు ఖాళీగా ఉంచి అక్కడి నుంచి మళ్లీ వెతకండి.