తాళం వేరు, పట్టు వేరు: లైబ్రరీలో లాక్ టూల్స్‌కి పేర్లు, డిజైన్

బెజవాడలో ఎవరినైనా "బండి తాళాలేవి?" అని అడిగితే చేతిలో పెట్టేది తాళంచెవి. "ఇంటికి తాళం వేశావా?" అన్నప్పుడు అదే మాట గడియకు వేలాడే వస్తువు. మాటల్లో అయితే సందర్భం చూసి సర్దుకుంటాం. ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచి చూసేవాడికి ఆ సందర్భం ఉండదు.

ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులను థ్రెడ్లు అంటారు. అవి ఒకే డేటాలో ఒకేసారి చెయ్యి పెట్టకుండా ఆపేది లాక్. ఆ లాక్ అన్న మాట కోడ్ లైబ్రరీల్లో (ఇతరులు వాడుకోవడానికి రాసిపెట్టిన కోడ్‌లో) మూడు బరువులు మోస్తోంది. డేటాకి కాపలా ఉండే వస్తువు ఒకటి, దాన్ని వేసే పని ఒకటి, వేసినవాడి చేతిలో ఉండే హక్కు ఇంకొకటి. జావాలో లాక్ అనే ఇంటర్‌ఫేస్ మొదటిది. గో భాషలో లాక్ అంటే మెథడ్, అంటే రెండోది. సీ++లో యూనీక్_లాక్ మూడోది. అక్కడ అసలు వస్తువు పేరు మ్యూటెక్స్, అంటే ఒకసారి ఒక్కరినే లోపలికి వదిలే తాళం. విండోస్‌లో ఇంకో చిక్కు: క్రిటికల్ సెక్షన్ అంటే నిజానికి కాపలాలో నడిచే కోడ్ ముక్క, కానీ అక్కడ అది తాళం టైపు పేరు.

కాబట్టి డిజైన్ మొదలుపెట్టేటప్పుడు ఈ మూడింటికీ మూడు మాటలు కాగితం మీద రాసుకోండి, ఒకదాని చోట ఇంకోటి రానివ్వకండి. ఇక్కడ వస్తువును తాళం అంటాం, చేతిలో ఉన్న హక్కును పట్టు అంటాం. క్రియలకు జోడీలు కూడా అప్పుడే తేల్చండి. లాక్‌కి అన్‌లాక్, ఎక్వైర్‌కి రిలీజ్, ఎంటర్‌కి ఎగ్జిట్. ఎక్వైర్ చేసి అన్‌లాక్ చెయ్యమంటే ఎడిటర్‌లో వెతికినప్పుడు సగం చోట్లు దొరకవు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల్లో సెమాఫోర్ (లెక్కపెట్టి లోపలికి వదిలే కాపలా) పనులకు పీ, వీ అని పేర్లు పెట్టారు. డచ్ మాటల మొదటి అక్షరాలవి. డచ్ రానివాళ్లంతా ఏది పట్టో ఏది విడుపో ఇప్పటికీ బట్టీ పడుతున్నారు.

పేరుకు ముందు నాలుగు జవాబులు

పట్టు ఉన్న థ్రెడ్ మళ్లీ అదే తాళం అడిగితే ఏమవుతుంది? వేసినవాడే తీయాలా, ఎవరైనా తీయొచ్చా? పట్టులో ఉండగా ఎక్సెప్షన్ (పనిని మధ్యలో ఆపేసే లోపం) వస్తే తాళం గతేమిటి? ఎదురుచూసేవాళ్లలో ఎవరికి ముందు దక్కుతుంది? ఈ నాలుగూ తేలకుండా పెట్టిన పేరు ఎంత అందంగా ఉన్నా అబద్ధమే అవుతుంది.

రెండో ప్రశ్ననే చూడండి. పైథాన్ థ్రెడింగ్ మాడ్యూల్‌లో మామూలు లాక్‌ను ఏ థ్రెడ్ అయినా రిలీజ్ చేయొచ్చు. ఆర్‌లాక్‌ను మాత్రం పట్టుకున్న థ్రెడ్డే వదలాలి, లేకపోతే రన్‌టైమ్ ఎర్రర్. గోలో మ్యూటెక్స్‌కి యజమాని అంటూ లేడు. ఒక గోరొటీన్ (గోలో తేలికపాటి థ్రెడ్) వేసింది ఇంకోటి తీయొచ్చు. పేరు చూస్తే ఈ తేడా ఎక్కడా కనపడదు.

మొదటి ప్రశ్న దగ్గర పేరు ఎంత నష్టం చేయగలదో ఆర్‌లాక్ అన్న మాటే చెబుతుంది. పైథాన్‌లో ఆ 'ఆర్' రీఎంట్రంట్: ఒకే థ్రెడ్ ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చు, అన్నిసార్లూ వదిలితే చాలు. గోలో ఆర్‌డబ్ల్యూమ్యూటెక్స్ (చదవడానికి ఎందరినైనా, రాయడానికి ఒక్కరినే వదిలే తాళం) మీద ఉన్న ఆర్‌లాక్‌లో 'ఆర్' రీడ్. పైథాన్ అలవాటుతో గోకి వచ్చినవాడు ఒక ఫంక్షన్‌లో ఆర్‌లాక్ వేసి, లోపల పిలిచిన ఇంకో ఫంక్షన్‌లో మళ్లీ ఆర్‌లాక్ వేస్తాడు. టెస్టుల్లో నడుస్తుంది, ఎందుకంటే చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు. లోడ్ పెరిగిన రోజు ఆ రెండింటి మధ్యలో రాసేవాడొకడు వచ్చి నిలబడతాడు. రాసేవాడు ఎదురుచూస్తుంటే కొత్తగా చదివేవాళ్లను గో ఆపేస్తుంది, లేకపోతే అతనికి ఎప్పటికీ వంతు రాదు. రెండో ఆర్‌లాక్ రాసేవాడి వెనక నిలబడుతుంది, రాసేవాడు మొదటి ఆర్‌లాక్ ఎప్పుడు వదులుతుందా అని చూస్తుంటాడు. ఇక కదలిక ఉండదు. ఒక్క అక్షరం పొదుపు చేసినందుకు వచ్చిన తంటా ఇది. రీడ్, రీఎంట్రంట్, రైట్ లాంటి మాటలు పూర్తిగా రాయండి.

చిన్న పేరు దేనికివ్వాలి? జనం చేయి ముందు దానిమీదకే పోతుంది కాబట్టి, మీరు ఎక్కువగా వాడమనే దానికి. మా ఓటు రీఎంట్రంట్ కానిదానికే. సీ++ ఇదే చేసింది: మ్యూటెక్స్ చిన్న పేరు, రికర్సివ్_మ్యూటెక్స్ పొడుగు పేరు. రీఎంట్రంట్ తాళం ఉంటే, సగం మారిన డేటాతో బయటి ఫంక్షన్ లోపలిదాన్ని పిలిచినా ఎవరూ అడ్డుకోరు. లోపలిది ఆ సగం లెక్కనే నిజమనుకుంటుంది. దానికి బదులు పనిని రెండు పొరలు చేయండి. బయటి ఫంక్షన్ తాళం వేస్తుంది. లోపలి ఫంక్షన్ తాళం వేయదు, పట్టును ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటుంది. పట్టు లేనివాడు దాన్ని పిలవలేడు, పిలిచేచోటే ఆ సంగతి కనపడుతుంది కూడా.

పట్టును ఎలా కట్టాలి

వేయడం, తీయడం రెండు విడి మెథడ్లుగా వదిలేస్తే మధ్యలో ఏ రిటర్నో ఎక్సెప్షనో తీయడాన్ని ఎగరగొడుతుంది. అందుకే పట్టు ఒక వస్తువుగా ఉండాలి: అది పోయినప్పుడు తాళం దానంతటదే తెరుచుకోవాలి. రైల్వేలో సింగిల్ లైన్ సెక్షన్‌కి ఇచ్చే టోకెన్ బంతి గుర్తుంది కదా, అది డ్రైవర్ చేతిలో ఉన్నంతసేపే ఆ లైను అతనిది. దానికి కాపీ ఉండదు. మీ పట్టుకీ ఉండకూడదు. తాళానికీ ఉండకూడదు: గోలో మ్యూటెక్స్ ఉన్న స్ట్రక్ట్‌ను వాల్యూగా పంపితే కొత్త తాళం పుడుతుంది, ఇద్దరూ చెరో తాళం వేసుకుని ఒకే డేటాలో చెయ్యి పెడతారు. గో వెట్ అనే తనిఖీ టూల్ ఈ కాపీని పట్టిస్తుంది, నడిపితే.

సీ++ పట్టులో దాగి ఉన్న గొయ్యి చూడండి:

యూనీక్_లాక్<మ్యూటెక్స్>(ఖాతా_తాళం);

చదివితే తాళం వేసినట్టే ఉంది. నిజానికి ఆ భాష వ్యాకరణం ప్రకారం ఇది ఖాతా_తాళం అనే కొత్త లోకల్ వేరియబుల్ ప్రకటన. యూనీక్_లాక్‌కి ఏమీ ఇవ్వకుండా పుట్టే కన్‌స్ట్రక్టర్ (వస్తువును పుట్టించే ఫంక్షన్) ఉంది కాబట్టి ఖాళీ పట్టు ఒకటి పుడుతుంది, క్లాస్‌లో ఉన్న అసలు తాళాన్ని కప్పేస్తుంది. తాళం పడలేదు, ఎర్రర్ రాలేదు. కొన్ని కంపైలర్లు వార్నింగులు ఆన్ చేస్తే తప్ప నోరు విప్పవు. బ్రాకెట్ల బదులు మీసాల బ్రాకెట్లు పెడితే ఇంకో రకం: పేరులేని పట్టు పుట్టి, ఆ సెమీకోలన్ దగ్గరే చచ్చిపోతుంది. తాళం పడి వెంటనే తెరుచుకుంటుంది.

రస్ట్‌లో ఇదే గొయ్యి వేరే రూపంలో ఉంది. "లెట్ _ = తాళం.లాక్()" అంటే పట్టు అక్కడికక్కడే పోతుంది. "లెట్ _పట్టు = తాళం.లాక్()" అంటే బ్లాక్ చివరిదాకా ఉంటుంది. అండర్‌స్కోర్ వెనక ఒక మాట ఉందా లేదా అన్నదే తేడా. చూసీచూసీ రస్ట్ కంపైలర్‌లో దీనికో లింట్ (తప్పులు పట్టే తనిఖీ) పెట్టి, మామూలు సెట్టింగుల్లోనే ఎర్రర్‌గా ఆపుతున్నారు.

మీ లైబ్రరీలో ఇవి రాకుండా ఉండాలంటే పట్టుకు ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఇవ్వకండి. పట్టు పుట్టే దారి ఒక్కటే ఉండాలి: తాళం మీద మెథడ్ పిలిస్తే వచ్చే రిటర్న్ విలువ. ఆ విలువను ఎవరూ అందుకోకపోతే కంపైలర్ అరవాలి. సీ++లో నోడిస్కార్డ్, రస్ట్‌లో మస్ట్_యూజ్ అందుకే ఉన్నాయి.

పట్టు వస్తువు కుదరని చోట ట్రై, ఫైనల్లీ వాడే పద్ధతి డాక్యుమెంట్‌లో మొదటి ఉదాహరణగా ఉండాలి. జావాలో లాక్ పిలుపు ట్రైకి పైన ఉండాలి, లోపల కాదు. లోపల పెడితే, తాళం దక్కకముందే ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ఫైనల్లీలో ఉన్న అన్‌లాక్ లేని తాళాన్ని తీయబోయి ఇల్లీగల్ మానిటర్ స్టేట్ ఎక్సెప్షన్ విసురుతుంది. లాగ్‌లో అదే కనపడుతుంది, అసలు కారణం దాని కింద సమాధి.

ఎక్సెప్షన్ ప్రశ్నకు రస్ట్ జవాబు కఠినం: పట్టులో ఉండగా థ్రెడ్ ప్యానిక్ అయితే తాళం విషమైపోయినట్టు గుర్తు పెడుతుంది, తర్వాత అడిగినవాడికి ఎర్రర్ చేతికిస్తుంది. ఆలోచన మంచిదే. ఆచరణలో అందరూ అన్‌ర్యాప్ (ఎర్రర్ ఉంటే అక్కడే ప్యానిక్ అయ్యే పిలుపు) అని రాసి ముందుకు పోతారు. మీరూ ఇలాంటిది పెడితే, డేటా సరిచేసి విషం తీసే మెథడ్‌కి స్పష్టమైన పేరు పెట్టండి.

రెండు తాళాలు ఒకేసారి

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసే ప్రోగ్రామ్ అనుకుందాం. ప్రతి స్టోరేజీకి ఒక ఖాతా, ప్రతి ఖాతాకి ఒక తాళం. ఒక థ్రెడ్ 1వ ఖాతా నుంచి 2వ ఖాతాకి 200 టిక్కీలు మారుస్తోంది. అదే సమయంలో ఇంకోటి 2 నుంచి 1కి 50 మారుస్తోంది. ఇద్దరూ ముందు ఇచ్చే ఖాతా తాళం వేసి, తర్వాత తీసుకునే ఖాతా తాళం అడుగుతారు. చెరొకటి పట్టుకుని రెండోదాని కోసం నిలబడతారు. డెడ్‌లాక్.

మందు తెలిసిందే: దిశతో పని లేకుండా చిన్న నంబర్ ఖాతా తాళమే ముందు వేయాలి. దాన్ని వాడేవాళ్ల క్రమశిక్షణకు వదిలేస్తే ఏదో ఒకరోజు తప్పుతుంది. లైబ్రరీయే అన్ని తాళాలనూ ఒకేసారి తీసుకుని ఒక్క పట్టు ఇచ్చే ఫంక్షన్ పెట్టాలి. ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే ఖాతా అయితే ఏమవుతుందో కూడా చూసుకోండి. రీఎంట్రంట్ కాని తాళమైతే తనకు తానే అడ్డంపడుతుంది.

ఇక్కడ సీ++ అనుభవం పనికొస్తుంది. సీ++11లో లాక్_గార్డ్ ఒకే తాళం తీసుకునేది. తర్వాత చాలా తాళాలు తీసుకునేలా మార్చాలనుకున్నారు గానీ, టైపు రూపం మారితే పాత బైనరీలతో పొత్తు చెడుతుంది. అందుకే సీ++17లో స్కోప్డ్_లాక్ అని కొత్త పేరు వచ్చింది. ఇప్పుడు ఒక తాళానికి రెండు పేర్లు, ఏది వాడాలో ప్రతి టీమ్‌లో ఒక చర్చ. పైగా స్కోప్డ్_లాక్ సున్నా తాళాలు కూడా తీసుకుంటుంది: ఆర్గ్యుమెంట్ రాయడం మరిచిపోతే ఏ తాళమూ వేయని పట్టు హాయిగా కంపైల్ అవుతుంది. మీరు మొదటిరోజే "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ" అని కట్టండి.

ఒకేసారి అడగడం కుదరని చోట తాళాలకు అంతస్తులు పెట్టండి. తాళం పుట్టేటప్పుడే ఒక పేరు, ఒక అంతస్తు నంబర్ ఇవ్వాలి. డీబగ్ బిల్డ్‌లో ప్రతి థ్రెడ్ తన చేతిలో ఉన్న అతి పెద్ద నంబర్‌ను గుర్తుపెట్టుకుంటుంది. అంతకన్నా చిన్నదో సమానమైనదో అడిగితే రెండు తాళాల పేర్లూ చెప్పి అక్కడే ఆగిపోతుంది. డెడ్‌లాక్ నిజంగా పడనక్కర్లేదు, వరస తప్పితే చాలు. లైనక్స్ కెర్నల్‌లో లాక్‌డెప్ అనే తనిఖీ కూడా వరసల మీదే కాపలా ఉంటుంది. తాళానికి పేరు అది కాపాడే డేటా నుంచి రావాలి. "టిక్కీల తాళం" అని ఉంటే రిపోర్టు చదవగానే అర్థమవుతుంది, "తాళం3" అంటే ఎవరికి ఎక్కుతుంది?

వేచి ఉండటం, లేపడం

షరతు నిజమయ్యేదాకా థ్రెడ్ నిద్రపోయి, ఇంకోటి లేపితే లేచే చోటును కండిషన్ అంటారు. జావాలో ప్రతి ఆబ్జెక్ట్‌కీ వెయిట్ (ఆగి ఉండటం), నోటిఫై (లేపడం) పుట్టుకతో ఉన్నాయి, వాటిని మార్చడానికి లేదు. 2004లో జావా 5తో వచ్చిన కండిషన్‌కి అందుకే అవెయిట్, సిగ్నల్ అని వేరే పేర్లు వచ్చాయి. కండిషన్ కూడా ఆబ్జెక్టే కదా. అవెయిట్ బదులు వెయిట్ అని కొడితే కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు పేలుతుంది. వారసత్వంగా వచ్చే మెథడ్ పక్కన దానిలాగే వినిపించే పేరు పెట్టకండి.

వెయిట్ ఎప్పుడూ షరతును ఫంక్షన్‌గా తీసుకోవాలి, లోపల తనే లూప్ తిరగాలి. ఎవరూ లేపకుండానే థ్రెడ్ లేవడం నిజంగా జరుగుతుంది. ఇఫ్ రాసి వదిలేస్తే ఖాళీ క్యూ నుంచి తీయబోతుంది. పైథాన్‌లో వెయిట్_ఫర్ ఈ పని చేస్తుంది. లేపే క్రియలో ఒకరినా అందరినా అన్నది తప్పనిసరిగా ఉండాలి. సీ#లో పల్స్ అన్న పేరు ఎవరిని లేపుతుందో చెప్పదు. ఒకే కండిషన్ మీద సరుకు పెట్టేవాళ్లూ తీసేవాళ్లూ నిద్రపోతుంటే, ఒకరినే లేపినప్పుడు తప్పు మనిషి లేచి, షరతు చూసుకుని మళ్లీ పడుకుంటాడు. ఆ పిలుపు వృథా.

ట్రై అంటే ఆగకూడదు

ట్రై అన్న పేరున్నది అసలు నిలబడకూడదు. బూలియన్ ఇస్తే చూడకుండా ముందుకెళ్తారు. దక్కితే పట్టు, దక్కకపోతే ఏమీ లేదు అని ఆప్షనల్ ఇవ్వండి. సమయం ఉన్నదానికి వేరే పేరు, సమయానికి యూనిట్ ఉన్న టైపు. ఉత్త 5 అంటే సెకన్లా, మిల్లీసెకన్లా? వరస పాటిస్తాననే తాళంలో ట్రై వరస తప్పితే అది పేరులోనే తెలియాలి: జావా రీఎంట్రంట్‌లాక్‌లో ఫెయిర్ (వచ్చిన వరసలోనే ఇవ్వాలనే సెట్టింగు) పెట్టినా ఆర్గ్యుమెంట్లు లేని ట్రైలాక్ క్యూని దాటేసి లోపలికి దూరుతుంది. వరస కావాలంటే సున్నా సమయం ఇచ్చి పిలవాలి. గో 1.18లో ట్రైలాక్ చేరుస్తూ, దీనికి సరైన వాడకాలు అరుదు అని డాక్యుమెంట్‌లోనే రాశారు. మీరూ రాయండి.

పాత పేరు మార్చాల్సి వస్తే

విడుదలకు ముందు పిలిచేచోటు లైన్లు ఓ పది, డాక్యుమెంట్ లేకుండా, ఆ లైబ్రరీ ఎప్పుడూ చూడనివాళ్లకు చూపించి "తాళం ఎక్కడ తెరుచుకుంటుంది?" అని అడగండి. తడబడిన లైన్లలో పేర్లు మార్చండి. ఇప్పుడైతే ఖర్చు లేదు. విడుదలయ్యాక అయితే ఏళ్లు పడుతుంది: పైథాన్‌లో అందరినీ లేపే నోటిఫైఆల్ పక్కన నోటిఫై_ఆల్ 2.6లో వచ్చింది, పాత పేరుకు అధికారికంగా వద్దు అని చెప్పింది 3.10లో, 2021లో.

అదే పాత వాక్యానికి కొత్త టైపు తగిలించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. డాట్‌నెట్ 9లో, 2024లో, లాక్ అనే ప్రత్యేక టైపు వచ్చింది. పాత లాక్ స్టేట్‌మెంట్ దాన్ని గుర్తుపట్టి కొత్త దారిలో వేస్తుంది. కానీ ఆ వస్తువును ఆబ్జెక్ట్ టైపు వేరియబుల్‌లో పెట్టి లాక్ చేస్తే పాత మానిటర్ (ఏ ఆబ్జెక్ట్‌నైనా తాళంగా వాడే పాత పద్ధతి) దారి పడుతుంది. ఒకడు కొత్త దారిలో, ఒకడు పాత దారిలో వేస్తే ఇద్దరూ లోపలికి వచ్చేస్తారు. ఆ మార్పిడి దగ్గర కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది; ప్రాజెక్టులో దాన్ని ఎర్రర్‌గా మార్చి పెట్టుకోండి.