బిందె, ఎండుమిరపకాయలు, కొండపల్లి బొమ్మ: ఇంట్లో మూడున్నర నిమిషాల లూప్ సంగీతం

మూడు ఇంటి వస్తువుల మోతను రికార్డు చేసి, మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్కలుగా (లూపులుగా) కలిపితే సంగీతం అవుతుంది. దానికి ముందు మైకు తయారు చేసుకోవాలి. 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ (అదురును కరెంటుగా మార్చే పల్చటి బిళ్ళ), రెండు గజాల షీల్డెడ్ వైరు, 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్ చాలు. వైరు లోపలి తీగను బిళ్ళ మధ్యలోని తెల్ల భాగానికీ, పైన ఉన్న అల్లిక తీగను ఇత్తడి అంచుకూ సోల్డరింగ్ చేయండి. తెల్ల భాగం మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఉంచితే పూత లేచిపోతుంది, ఇక ఆ బిళ్ళ దండగ. ఇత్తడి వేడిని లాగేస్తుంది కాబట్టి ముందు ఉప్పుకాగితంతో గీకి, అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంచాలి.

జాక్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె)లో గిటారు కోసం ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే పెట్టండి. మైకు ఇన్‌పుట్‌కి పెడితే మంద్రమంతా పోయి రేకు డబ్బా మోతే మిగులుతుంది. గుయ్యిమని మోత వస్తే ఛార్జర్ తీసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. అయినా వస్తుంటే బిళ్ళకు ఇన్సులేషన్ టేపు వేసి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఫాయిల్‌ను అల్లిక తీగకు కలపండి.

ఇక వాద్యాలు. ఇత్తడి బిందెను చుట్టకుదురు మీద పెట్టి మూడో వంతు నీళ్ళు పోయండి. నేల మీద నేరుగా పెడితే అడుగు మోగదు, పక్కగదిలో అడుగుల చప్పుడు కూడా ఎక్కుతుంది. పీజోను బిందె భుజానికి బయటివైపు పల్చటి డబుల్ టేపుతో అంటించండి. స్పాంజి టేపు వద్దు, అది మోతను మింగేస్తుంది. పప్పుగుత్తికి గుడ్డ చుట్టి కొట్టి, వెంటనే బిందెను వంచితే స్వరం జారుతుంది. నీళ్ళు పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది, జలతరంగం కప్పుల్లో లాగే.

గుంటూరు వాళ్ళు గిలక్కాయ కొనక్కర్లేదు. గలగలలాడే ఎండుమిరపకాయలను స్టీలు డబ్బాలో మూడో వంతు వరకే వేయండి. నిండితే కాయ కదలదు, లోపల గింజ మోగదు. వానాకాలంలో కాయ మెత్తబడుతుంది, ముందు ఎండలో పెట్టాలి. ఊపిన డబ్బా మూత మాత్రం గదిలో తీయకండి. తర్వాతి రికార్డింగు మొత్తం దగ్గే.

మూడోది కొండపల్లి బొమ్మ. తెల్లపొణికి చెక్క తేలిక, అందుకే శబ్దం పొడిగా, పొట్టిగా ఉంటుంది. గోటితో కొట్టండి, పుల్లతో కొడితే రంగు పోతుంది.

బిందెకు పీజో ఉంది కాబట్టి ఫ్యాను తిరుగుతున్నా ఫర్వాలేదు. డబ్బాకూ బొమ్మకూ ఫోన్ చాలు, జానెడు దూరంలో పెట్టండి. కానీ ఫ్యాను ఆపాలి, యాప్‌లో నాయిస్ రిడక్షన్ కూడా తీసేయాలి. అది శబ్దం చివరి తోకను కోసేస్తుంది. బెజవాడ మే నెలలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడమే నయం.

లెక్క ఇలా. నిమిషానికి 80 దెబ్బలు, అంటే దెబ్బకు 0.75 సెకను. బిందెను ఆదితాళంలో 8 దెబ్బలకు 6 సెకన్లు, మిరప డబ్బాను మిశ్రచాపులో 7 దెబ్బలకు 5.25 సెకన్లు, బొమ్మను ఖండచాపులో 5 దెబ్బలకు 3.75 సెకన్లు వాయించండి. మెట్రోనోమ్ (దెబ్బదెబ్బకూ మోగే టిక్ టిక్) ఇయర్‌ఫోన్‌లోనే వినాలి. పీక్ (రికార్డింగులో అన్నిటికన్నా పెద్ద మోత) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండనివ్వండి.

ప్రతిదాన్నీ ఆపకుండా మూడు ఆవర్తాలు (తాళం మూడు చుట్లు) వాయించి, మధ్య ఆవర్తాన్నే కోయండి. మొదటిదాని తోక రెండోదాని మొదట్లో మోగుతూ ఉంటుంది కాబట్టి, లూప్ తిరిగినప్పుడు అతుకు వినపడదు. మొదటి ఆవర్తం కోస్తే ఆ తోక ఉండదు, ప్రతి తిరుగుడుకీ గుంట పడుతుంది. అడాసిటీ (శబ్దాన్ని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్)లో జెడ్ కీ నొక్కితే కోత శబ్ద తరంగం సున్నాను దాటే చోటికి జరుగుతుంది గానీ పొడవు ఇసుమంత మారుతుంది, వంద తిరుగుళ్ళకు అది పెద్ద తేడానే. దానికన్నా రెండు చివర్లా 5 మిల్లీసెకన్ల ఫేడ్ (మోతను మెల్లగా పెంచడం, తగ్గించడం) మేలు. వేవ్‌లోనే సేవ్ చేయండి. ఎంపీ3 మొదట్లో చిన్న ఖాళీ చేరుస్తుంది, లూప్ కుంటుతుంది.

మూడింటినీ ఒకేసారి వదిలితే బిందె, డబ్బా 42వ సెకనుకు కలుస్తాయి. బొమ్మతో సహా మూడూ సమం (తాళంలో మొదటి దెబ్బ) మీద పడేది 280 దెబ్బలకు, అంటే సరిగ్గా 3 నిమిషాల 30 సెకన్లకు. బిందె లూప్‌ను సగం వేగానికి తగ్గించి నాలుగో పొరగా వేస్తే ఒక స్థాయి కిందికి దిగి చాలా బాగుంటుంది. కాకపోతే అది 12 సెకన్లు కాబట్టి అప్పటికి సగంలో ఉంటుంది. దాన్ని 6 సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టండి. సమం దగ్గర లూపులన్నీ ఆపేసి, బిందెను విడిగా ఒక్క దెబ్బ కొట్టి రికార్డు చేసినది అక్కడ పెట్టండి. మోత పూర్తిగా చచ్చేదాకా ఫైలును కోయొద్దు.