రిపీటర్ మధ్యలో మూగబోతోందా? ముందు పీటీటీ మీద నుంచి వేలు తీయండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు హామ్ రేడియోలోకి కొత్తగా వచ్చినవారు నాకు చేసే ఫోన్లలో ఎక్కువ భాగం రిపీటర్ (మన సిగ్నల్‌ను ఎత్తు మీద నుంచి విని, వేరే ఫ్రీక్వెన్సీ మీద దూరానికి తిరిగి పంపే స్టేషన్) చెడిపోయిందనే. చాలాసార్లు అది చెడిపోయి ఉండదు. మీకు లైసెన్సు, కాల్‌సైన్ ఉన్నాయనీ, హ్యాండ్‌సెట్‌లో ఫ్రీక్వెన్సీ పెట్టడం, మెనూ తిప్పడం వచ్చనీ అనుకుని రాస్తున్నాను. లైసెన్సు లేనివారు ఇక్కడే ఆగి ముందు పరీక్ష రాయండి. పీటీటీ అంటే మాట్లాడేందుకు నొక్కి పట్టే బటన్. మెనూ సంఖ్యలు అందరి చేతుల్లోనూ కనిపించే యూవీ-5ఆర్ రకం హ్యాండ్‌సెట్‌వి.

సమస్య: నాకు వినపడుతోంది, నా మాట ఎవరికీ అందడం లేదు

టోన్ చూడండి, అంటే మాటతో పాటు వెళ్లి రిపీటర్‌ను తెరిచే సన్నని స్వరం. చూశామంటారు, అయినా మళ్లీ చూడండి. రిపీటర్ 145.600 మెగాహెర్ట్జ్ మీద పలుకుతూ, 600 కిలోహెర్ట్జ్ దిగువన 145.000 మీద వింటోందనుకుందాం. మీ సెట్ పంపేటప్పుడు అంత కిందికి దిగాలి (25వ మెనూలో మైనస్, 26లో 0.600). దానికి తోడు ఆ రిపీటర్ అడిగే టోన్ కలపాలి. అది 88.5 హెర్ట్జ్ కావచ్చు, మరొకటి కావచ్చు. "పెట్టానండీ" అని చూపించిన సెట్ తీసుకుని చూస్తే ఆ టోన్ 11వ మెనూలో కూర్చుని ఉంటుంది. అది వినేటప్పటిది. పంపేటప్పటిది 13. రిపీటర్ తన వైపు నుంచి టోన్ పంపకపోతే, 11లో టోన్ పెట్టిన సెట్టుకు ఏమీ వినపడదు కూడా. అందుకని 11 ఆఫ్‌లో ఉంచండి.

ఇవన్నీ ఫ్రీక్వెన్సీ మోడ్‌లో సరిచేసి, ఆ తర్వాతే మెమరీలో దాచండి. ఛానల్ మోడ్‌లో ఉండి మార్చినవి నిలుస్తాయని నమ్మకండి.

సమస్య: రిపీటర్ తెరుచుకుంటోంది, గొంతు మాత్రం గరగర

బస్సులో కూర్చుని, సెట్టును అడ్డంగా పట్టుకుని, దానితో వచ్చిన రబ్బరు యాంటెన్నాతో మాట్లాడితే అంతే. మేడ ఎక్కండి, యాంటెన్నా నిలువుగా పట్టుకోండి. పాలకొండ, సాలూరు వైపు కొండల చాటున ఉన్నవారికి వాట్లు పెంచినా పెద్దగా ఒరగదు, ఎత్తు పెంచాలి.

సమస్య: మాటల మధ్యలో రిపీటర్ ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. సాయంత్రం నెట్, అంటే అందరూ ఒకే వేళకు ఛానల్ మీద కలిసే కూటమి, బాగా సాగుతూ ఉంటుంది. నరసన్నపేట, ఆమదాలవలస, రణస్థలం నుంచి ముగ్గురు నలుగురు చర్చలో ఉంటారు. ఉన్నట్టుండి నిశ్శబ్దం. క్యారియర్ (మాట లేకున్నా రిపీటర్ పంపే ఉత్త సిగ్నల్) కూడా ఉండదు. కొన్ని నిమిషాలకు మళ్లీ ప్రాణం వస్తుంది. ఇక అనుమానాలు మొదలు: బ్యాటరీ దిగిపోయిందని ఒకరు, కనెక్టరులో నీళ్లు దిగాయని ఒకరు. సామాను మోసుకుని కొండెక్కితే అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. మీటరు పెట్టి చూసినంతసేపూ ఆగదు కూడా, ఎందుకంటే ఆ సమయంలో ఎవరూ మాట్లాడటం లేదు.

ఆపుతున్నది టైమర్. ఎవరైనా పీటీటీ పట్టుకుని కూర్చుంటే ట్రాన్స్‌మిటర్ వేడెక్కిపోకుండా, ఛానల్ ఒక్కరి సొంతం కాకుండా అది కోత పెడుతుంది. ఆ గడువు చాలాచోట్ల మూడు నిమిషాలు. "మాలో ఎవరం మూడు నిమిషాలు మాట్లాడలేదే" అంటారు. నిజమే. కానీ టైమర్ మనుషులను లెక్కపెట్టదు. తన ఇన్‌పుట్ మీద సిగ్నల్ ఉందా లేదా అన్నదే దానికి కావాలి. మీరు పీటీటీ వదిలాక రిపీటర్ ఒకటి రెండు సెకన్లు క్యారియర్ నిలిపి ఉంచి, చిన్న బీప్ ఇస్తుంది. చాలా రిపీటర్లలో టైమర్ మళ్లీ సున్నాకు వచ్చేది ఆ బీప్‌తోనే. అది రాకముందే రెండోవారు నొక్కేస్తే పాత లెక్క కొనసాగుతుంది. ఒకరు 70 సెకన్లు, వెంటనే ఇంకొకరు 60, ఆ వెంటనే మరొకరు 50 మాట్లాడారంటే 180 పూర్తి. రిపీటర్ కట్.

ఇంతవరకే అయితే పరవాలేదు. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. కోత పడిన క్షణంలో మాట్లాడుతున్నవారికి ఆ సంగతి తెలియదు, పంపేటప్పుడు మన సెట్ వినదు కదా. ఆయన పలాస జీడిపప్పు ధర చెబుతూనే ఉంటారు (హామ్ బ్యాండు మీద వ్యాపారం మాట్లాడకూడదు, అది వేరే సంగతి). మిగతావారు నిశ్శబ్దం చూసి కంగారుపడి "హలో, టెస్ట్, వినపడుతోందా" అంటూ ఒకరి తర్వాత ఒకరు నొక్కుతారు. కోత పడిన రిపీటర్ లేవాలంటే ఇన్‌పుట్ ఖాళీ కావాలి. ఈ పరీక్షలు దాన్ని ఖాళీ కానివ్వవు. పడిపోయినవాడి చుట్టూ గుమిగూడి గాలి ఆడనివ్వకుండా చేసినట్టు, లేపాలని చూసేవారే దాన్ని లేవనివ్వరు.

తేల్చుకోవడానికి సెట్టును ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీద పెట్టి, అంటే మన ఉదాహరణలో 145.000 మీద, నొక్కకుండా వినండి. దగ్గరలో ఉన్నవారి గొంతు నేరుగా వినపడితే ముందు టైమర్‌నే అనుమానించండి. మాట లేకుండా ఉత్త క్యారియరో, బండి చప్పుడో వస్తుంటే ఎవరి పీటీటీయో ఇరుక్కుంది. కారు సీటు సందులో మైక్, సంచిలో ఒత్తుకుపోయిన సెట్, లేదా 4వ మెనూలో వాక్స్ (శబ్దం వినగానే పీటీటీ నొక్కకుండానే పంపడం) ఆన్‌లో వదిలేసిన మోటారుసైకిల్ ప్రయాణం. మన ఛానల్ మీద ఎంత కేకలు వేసినా వారికి వినపడదు, తెలిసినవారైతే ఫోను చేయండి.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. అందరూ పీటీటీ వదిలి పది సెకన్లు ఆగాలి. ఆ తర్వాత నెట్ నడిపేవారు ఒక్కరే కాల్‌సైన్ చెప్పి పిలవాలి. అక్కడి నుంచి ప్రతి ఓవర్‌కూ, అంటే మాట్లాడే ప్రతి వంతుకూ, బీప్ విన్నాకే నొక్కండి. బీప్ లేని రిపీటరైతే క్యారియర్ పడిపోయేదాకా ఆగండి. సెట్టులో 9వ మెనూ టైమర్‌ను 120 సెకన్లకు పెట్టండి. పీటీటీ ఇరుక్కున్నా మీ సెట్టే ముందు ఆగుతుంది, రిపీటర్ దాకా పోదు.

ఆ రెండు సెకన్ల సందు మర్యాద కోసమే అనుకునేవారికి ఒక మాట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని కూల్చేసింది. అటువంటి రోజున అత్యవసరంగా పిలిచేవారు దూరే చోటు ఆ సందు ఒక్కటే. ఎఫ్‌ఎమ్‌లో రెండు సిగ్నళ్లు కలిస్తే బలమైనదే గెలుస్తుంది. తడిసిన బ్యాటరీతో అరవాట్ మీద పిలిచేవారు మీ 5 వాట్ల కింద నలిగిపోతారు.

మిగతావి

జవాబు వేరే ఛానల్ మీదికి పోతుంటే 7వ మెనూలో డ్యూయల్ వాచ్ (రెండు ఛానళ్లను మార్చి మార్చి వినడం) ఆపేయండి. పీటీటీ నొక్కినా సెట్ పంపకపోతే 23 ఆన్‌లో ఉందేమో చూడండి, ఛానల్ మీద సిగ్నల్ ఉన్నంతసేపూ అది అడ్డుకుంటుంది. కళింగపట్నం, బారువ తీరంలో ఎప్పుడూ వినని దూరపు స్టేషన్లు పడుతుంటే సముద్రం మీది గాలి పొరల పని, కాసేపు ఆనందించి వదిలేయండి. డ్యూప్లెక్సర్ (ఒకే యాంటెన్నాతో వినడం, పంపడం రెండూ సాగనిచ్చే ఫిల్టర్) ట్యూనింగ్ తప్పడం, రిపీటర్ చెవి మొద్దుబారడం నిజంగానే జరుగుతాయి, కానీ అరుదు. అవి నిర్వాహకుల పని. వారికి ఫోను చేసేటప్పుడు ఎన్ని గంటలకు ఆగిందో, ఇన్‌పుట్ మీద ఏం వినపడిందో, చివరి బీప్ వచ్చిందో లేదో చెప్పండి.